“ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా”

ప్రశ్న: నా వయసు 46. మాది ఏలూరు దగ్గర ఒక ఊరు. బి.ఎడ్. చదివి తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. నాలుగేళ్ళ క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అప్పుడే ఉద్యోగం మానేశాను. మానమని ఎవరూ అనలేదు గానీ, మానకుండా ఉండే దారి కూడా ఎవరూ చూపలేదు. ఆవిడకు మాట తడబడుతుంది, కానీ అన్నీ అర్థమవుతాయి. మా వారికి ఎరువుల దుకాణం ఉంది. బావగారు హైదరాబాదులో, ఆడపడుచు డల్లాస్‌లో ఉంటారు. ఇద్దరూ ఫోనులో ప్రేమగానే మాట్లాడతారు, మందులకు అప్పుడప్పుడు డబ్బు పంపుతారు. పోయిన నెల అందరూ వచ్చినప్పుడు, అత్తయ్యను చూసుకోవడానికి ఒక మనిషిని పెడదామని అడిగాను. ఏజెన్సీవాళ్ళు పగటిపూటకే నెలకు 20,000 రూపాయలు అడుగుతున్నారని మా వారు చెప్పారు. “అంత డబ్బెందుకు, ఆమె ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా” అన్నారు బావగారు. ఎవరూ మారుమాట్లాడలేదు. ఆ రాత్రి మా వారిని, నేను చేసినదానికి ఏ విలువా లేదా అని అడిగితే, “అమ్మకు చేసినదానికి లెక్క కడతావా?” అన్నారు. అప్పటినుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది. అత్తయ్య పేరున ఒక స్థలం ఉంది, చేసినదానికి బదులుగా అది అడగాలేమోనని కూడా ఒకసారి అనిపించింది. అత్తయ్య అంటే నాకు నిజంగానే ఇష్టం. విలువ అడిగితే ప్రేమ లేనట్టేనా? నేనేం చెయ్యాలి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిదానికి సూటిగా జవాబు చెప్పి, ఆ తరువాతే రెండోదానికి వస్తాను. విలువ అడగడం ప్రేమ లేకపోవడం కాదు. మీ మీద మీరు అసహ్యపడవలసిన పని మీరేదీ చేయలేదు.

ఆ రోజు మీ ఇంట్లో మాటలు ఏ వరుసలో నడిచాయో ఒకసారి గుర్తు చేసుకోండి. పగటిపూటకు నెలకు 20,000 అని మీ వారు చెప్పినప్పుడు, తల్లి సేవకు ధర చెబుతున్నాడేమిటని ఆ గదిలో ఎవరూ నొచ్చుకోలేదు. ఎక్కువనుకున్నారే గానీ తప్పు అనుకోలేదు. అదే పనికి మీ పేరు వచ్చేసరికి ఆ 20,000 మాయమైపోయి, “ఖాళీ” అన్న మాట మిగిలింది. అంటే ఆ పనికి విలువ ఉందని మీ ఇంట్లో అందరికీ తెలుసు. ఒక పరాయి మనిషి చేస్తే జీతమయ్యేది, కోడలు చేస్తే తీరిక అవుతోంది. లెక్క మొదట కట్టింది మీరు కాదు. వాళ్ళు కట్టిన లెక్కలో మీరు ఎక్కడున్నారని మాత్రమే మీరు అడిగారు.

ఇది మీ బావగారు ఒక్కరి చూపు అయితే ఇంత రాయనక్కరలేదు. దేశాల ఆదాయ లెక్కలు కూడా చాలాకాలంగా ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేస్తున్న మనిషిని పెళ్ళి చేసుకుంటే, ఆమె చేసే పని అంతా అలాగే ఉన్నా, దేశ ఆదాయం మాత్రం ఆ మేరకు తగ్గినట్టు లెక్క తేలుతుందని ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లోనే రాశాడు. ఆ లోపాన్ని ఆయన గుర్తించాడు గానీ ఎవరూ సరిదిద్దలేదు. న్యూజిలాండ్ పార్లమెంటు సభ్యురాలిగా ప్రభుత్వ ఖర్చుల సంఘానికి అధ్యక్షత వహించిన మార్లిన్ వారింగ్, ప్రపంచ దేశాలన్నీ అనుసరించే జాతీయాదాయ లెక్కల పద్ధతిలో ఆడవాళ్ళ ఇంటిచాకిరీకి చోటే లేదని 1988లో ఒక పుస్తకం నిండా చూపించింది.

మీ బావగారు అన్న మాటకు అచ్చంగా సరిపోయే కథ మాత్రం ఇంగ్లండులో జరిగింది. మంచాన పడినవారిని చూసుకోవడానికి ఉద్యోగం వదులుకున్నవారికి అక్కడి ప్రభుత్వం 1976లో ఒక భృతి మొదలుపెట్టింది. మగవాళ్ళకు ఇచ్చారు, పెళ్ళికాని ఆడవాళ్ళకు ఇచ్చారు, పెళ్ళయిన ఆడవాళ్ళకు మాత్రం ఇవ్వలేదు. వాళ్ళు ఎలాగూ ఇంట్లోనే ఉండేవాళ్ళు కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. జాకీ డ్రేక్ అనే ఆవిడ తీవ్రమైన వైకల్యం ఉన్న తన తల్లిని చూసుకోవడానికి 1984లో ఉద్యోగం మానేసి, ఈ భృతి కోసం దరఖాస్తు పెట్టుకుని, కాదన్నందుకు కోర్టుకు వెళ్ళింది. ఐరోపా న్యాయస్థానం 1986 జూన్‌లో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. పెళ్ళయిన ఆడది ఉద్యోగం వదులుకుంటే అది కూడా వదులుకోవడమేనని ఒప్పించడానికి ఆ దేశంలో పదేళ్ళు పట్టింది. తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పిన మీరు మానేసినది కూడా ఉద్యోగమే. ఆ నాలుగేళ్ళ జీతమూ, ఇప్పటికి పదమూడేళ్ళు అయి ఉండే మీ అనుభవమూ మీ కుటుంబం ఇప్పటికే వాడుకున్న సొమ్ము. దాన్ని ఎవరూ మీకు అప్పుగా కూడా రాసుకోలేదు.

మన దేశం సంగతికి వస్తే, 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళను పనిచేయనివారి కింద రాసి, బిచ్చగాళ్ళతో, ఖైదీలతో ఒకే వరుసలో చేర్చారని సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎ.కె. గంగూలీ 2010లో ఒక తీర్పులో తీవ్రంగా తప్పుపట్టారు. 2021 జనవరిలో మన ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ మరొక తీర్పులో, గృహిణులు పని చేయరన్న భావనే సరైనది కాదని, అది పోవలసి ఉందని రాశారు. 2019లో దేశమంతటా జరిగిన సమయ వినియోగ సర్వేను ఆయన అందులో ఉదహరించారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని ఆ సర్వే తేల్చింది. 2024లో అదే సర్వే మళ్ళీ చేస్తే, 15 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసువారిలో ఇంట్లోవాళ్ళ ఆలనాపాలనా చూసే ఆడవాళ్ళు 41 శాతం, మగవాళ్ళు 21.4 శాతం ఉన్నారు. ఆ ఆడవాళ్ళు అందుకు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్ళు 74 నిమిషాలు ఇస్తున్నారు.

ఈ రెండు తీర్పులలోనూ నన్ను కలవరపెట్టే విషయం ఒకటుంది. రెండూ రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులు. గృహిణి చనిపోయిన తరువాత, ఆమె లేని ఇల్లు ఎంత నష్టపోయిందో తేల్చవలసి వచ్చినప్పుడు మాత్రమే ఆమె పనికి నెలకు ఇంత అని కోర్టు లెక్క కట్టింది. బతికుండగా ఆ లెక్క కట్టే చోటు మన చట్టంలో దాదాపు లేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి కృష్ణన్ రామసామి ఒక ఆస్తి తగాదాలో, భార్య ఇరవై నాలుగు గంటలూ ఇంటిని చూసుకోబట్టే భర్త సంపాదించగలిగాడు కనుక అలా కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని చెప్పారు. అది ఒక హైకోర్టు తీర్పు మాత్రమే, దేశమంతటికీ చట్టం కాలేదు. అయినా మీ ప్రశ్నను ఒక న్యాయమూర్తి ఎంత గౌరవంగా తీసుకున్నారో మీకు తెలియాలని చెబుతున్నాను.

ఇక “అమ్మకు చేసినదానికి లెక్క కడతావా” అన్న మాట. స్త్రీవాదులు యాభై ఏళ్ళకు పైగా పోట్లాడుతున్నది సరిగ్గా ఈ మాటతోనే. 1972లో ఇటలీలోని పదువా నగరంలో మరియారోజా డల్లా కోస్టా, సెల్మా జేమ్స్, సిల్వియా ఫెదెరీచీ మొదలైనవారు ఇంటిపనికి జీతం కావాలని ఉద్యమం మొదలుపెట్టారు. ఆ డబ్బుతో ఆడవాళ్ళ కష్టాలు తీరిపోతాయని కాదు. ఇది ఆడదాని స్వభావమని, ప్రేమని పేరు పెట్టినంతకాలం దాన్ని చేయనని చెప్పే వీలు, పంచుకోమని అడిగే వీలు ఆమెకు ఉండదని వాళ్ళు గ్రహించారు. పని అని పిలిస్తేనే దానికి గంటలుంటాయి, సెలవు ఉంటుంది, వంతు ఉంటుంది. ఈ వాదాన్ని స్త్రీవాదులందరూ ఒప్పుకోలేదు. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళు తరతరాలుగా ఇతరుల ఇళ్ళలో జీతానికే ఈ పనులు చేశారని, జీతం వచ్చినంత మాత్రాన ఆ పనికి గౌరవం రాలేదని, పైగా ఇంటిపనికి జీతమిస్తే అది ఆడవాళ్ళ పనేనని ఖాయం చేసినట్టవుతుందని ఏంజెలా డేవిస్ 1981లో రాసింది. నాకు రెండు వాదాల్లోనూ సత్యం కనిపిస్తుంది. మీ విషయంలో మాత్రం డేవిస్ చెప్పినదాన్ని ఎక్కువగా గుర్తు పెట్టుకోమంటాను. మీకు నెలకు ఇంత అని ఇచ్చి, పని మొత్తం మీ నెత్తినే ఉంచితే సమస్య సగమే తీరుతుంది.

ప్రేమకూ లెక్కకూ పడదని చెప్పేవాళ్ళు సాధారణంగా ఆ ప్రేమను అందుకునేవైపు ఉంటారు. ఈ మాట నేను బయట నిలబడి చెప్పడం లేదు. మా అమ్మ చివరి రెండేళ్ళు మంచాన ఉన్నప్పుడు నేను వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాను. రోజూ సాయంత్రం ఫోను చేసి, “వదినా, అమ్మకు మందులు వేశావా, తిందా, పడుకుందా” అని అడిగేదాన్ని. అలా అడగడమే చూసుకోవడమని నమ్మాను. ఒకసారి వదిన తన తమ్ముడి పెళ్ళికి వెళ్ళవలసి వచ్చి, పన్నెండు రోజులు నేను అమ్మ దగ్గర ఉన్నాను.

రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేవాలి. ఒక చెయ్యి భుజం కిందా ఒక చెయ్యి తుంటి కిందా వేసి, చర్మం దుప్పటికి ఒరుసుకోకుండా మనిషిని కొద్దిగా ఎత్తి పక్కకు తిప్పాలి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, వీపు వెనక ఒక దిండు పెట్టి, మడమల దగ్గరా నడుము కిందా ఎర్రబడిందేమోనని టార్చి వేసి చూడాలి. ఎర్రబడిన చోటును వదిలేస్తే రెండు మూడు రోజుల్లో పుండవుతుంది. ఇదంతా అయ్యాక నిద్ర రాదు, వచ్చేసరికి మళ్ళీ లేవాలి. నాలుగోరోజుకు నా నడుము పట్టేసింది. అయినా నన్ను ఎక్కువ అలసటపెట్టింది ఒంటి కష్టం కాదు. పక్క గదిలో అన్నం తింటున్నా, స్నానం చేస్తున్నా, చెవి మాత్రం అమ్మ దగ్గుమీదే ఉండేది. ఏ సర్వే నిమిషాల్లోనూ పడని పని అది. వదిన తిరిగి వచ్చిన రోజు నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. అంతకుముందు ఇరవై నెలలు నేను అడిగిన ప్రశ్నలు ఆమెకు ఎలా వినిపించి ఉంటాయో ఆ పన్నెండు రోజుల తరువాతే నాకు అర్థమైంది.

అందుకే మీరు మొదట డబ్బు అడగవద్దు, వంతు అడగండి. డబ్బు వద్దని కాదు. ఆ పని ఒక్క వారమైనా చేసినవారికి డబ్బు ఎందుకో విడిగా చెప్పనక్కరలేదు. దీన్ని మీ వారితోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆవిడ ఆయనకు తల్లి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో పిల్లలు అనే మాటకు కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అనే అర్థం రాశారు. అందులో కోడలు లేదు. ఎవరినైనా ట్రైబ్యునల్‌కు తీసుకెళ్ళమని ఈ సంగతి చెప్పడం లేదు. మన ఇళ్ళలో కోడలి ధర్మమని చెప్పుకుంటున్నదాన్ని చట్టం కొడుకులూ కూతుళ్ళ బాధ్యతగా రాసిందని మీ వారికి నెమ్మదిగా గుర్తు చేయమంటున్నాను. ఆయన దుకాణం రాత్రి మూస్తారు కదా. వారంలో మూడు రాత్రులు రెండు గంటల అలారం ఆయన ఫోనులో మోగాలి. మొదటి వారం ఆయనకు చేతకాదు, అత్తయ్యకూ ఇబ్బందిగా ఉంటుంది. మీరు వెంటనే లేచి సాయం పట్టకండి. ఎలా తిప్పాలో పగలు ఒకసారి చూపించండి, రాత్రి పడుకోండి.

దానికంటే ముందు ఒక వారం పాటు ఒక నోటుపుస్తకంలో మీరు చేసిన ప్రతి పనీ, పట్టిన సమయంతో సహా రాయండి. జావ కాచడం, చెంచాతో తినిపించడం, డైపరు మార్చడం, ఒళ్ళు తుడవడం, బీపీ చూడడం, మాత్రలు నూరి కలపడం, ఫిజియోథెరపీ కసరత్తులు, దుప్పట్లు ఉతకడం, డాక్టరుతో ఫోను, రాత్రి లేవడం, అన్నీ రాయండి. మీరు లెక్కల టీచరు, ఈ పని మీకు నేర్పనక్కరలేదు. ఇది ఎవరి ముఖాన కొట్టడానికీ కాదు. “ఖాళీ” అన్న మాటకు గొంతు పెంచకుండా జవాబు చెప్పాలంటే ఆ పుస్తకం చేతిలో ఉండాలి. బావగారికీ ఆడపడుచుకూ ఆ ఏడు పేజీలు ఫొటో తీసి పంపి, మీ వారి చేతనే మాట్లాడించండి. బావగారి కుటుంబం ఏడాదికి నెలరోజులు ఆవిడను తమ దగ్గరకు తీసుకెళ్ళాలి, ప్రయాణం కుదరకపోతే వాళ్ళే వచ్చి ఉండాలి. ఆడపడుచు వచ్చినప్పుడు ఆ రోజులు చుట్టంలా గాక ఆవిడ వంతుగా గడవాలి. అంత దూరం నుంచి రాలేని నెలల్లో మనిషి జీతంలో తన వాటా పంపాలి. మీకు ఇచ్చేది మందుల డబ్బులో కలపకుండా, ఇంటి ఖర్చుల పేరు పెట్టకుండా, నెలనెలా మీ పేరున ఉన్న ఖాతాలో పడాలి. జర్మనీలో 1995 నుంచి ఉన్న సంరక్షణ బీమా, ఇంట్లో రోగిని చూసుకునేవారి పేరున పింఛను చందా కూడా కడుతుంది. మనకు అటువంటిది లేదు కనుక మీ ముసలితనం కోసం దాచవలసిన సొమ్ము మీ ఇంటివాళ్ళ నుంచే రావాలి.

స్థలం మాట రాశారు. దాన్ని మీ సేవకు ముడిపెట్టవద్దని నా సలహా. ఆస్తి కోసమే చేసిందన్న మాట ఒక్కసారి పుడితే మీరు పెట్టే ప్రతి ముద్దనూ అనుమానంగా చూస్తారు. అత్తయ్యకు అన్నీ అర్థమవుతాయన్నారు, ఆ స్థలం ఆవిడది, ఏం చేయాలో ఆవిడనే నిర్ణయించనివ్వండి. ఈ మాటలన్నీ ఆవిడకు తెలియకుండా పక్క గదిలో గుసగుసగా సాగితే తాను బరువైపోయానని ఆవిడ కుమిలిపోతుంది. మీకు అలసటగా ఉందని, అందరూ పంచుకోవాలని అడుగుతున్నానని మీరే ఆవిడతో చెప్పండి. ఆవిడ కూడా తన అత్తగారికి చేసే ఉంటుంది, దాన్నీ ఎవరూ లెక్క రాసి ఉండరు. మీ బాధ ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆవిడకే అర్థమవుతుందని నా నమ్మకం.

పింఛను సంగతి కూడా చూడండి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయలు ఇస్తోంది. దానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి, కుటుంబ ఆదాయం వంటి షరతులున్నాయి. మీకు వర్తిస్తుందో లేదో గ్రామ సచివాలయంలో అడిగితే చెబుతారు.

చివరిగా, మనిషిని పెట్టుకున్నప్పటి మాట. ఆ వచ్చే ఆవిడ కూడా ఒక ఇంటి కోడలే, తన ఇంట్లోనూ ఒక ముసలమ్మనో పసిబిడ్డనో ఎవరికో అప్పగించి వస్తుంది. ఏజెన్సీ 20,000 తీసుకుంటే ఆమె చేతికి ఎంత ఇస్తున్నారో అడగండి, నేరుగా పెట్టుకుంటే బేరమాడవద్దు. వారానికి ఒక సెలవు ఇవ్వండి. మలమూత్రాలు ఎత్తే పని చేస్తుందని వేరే గ్లాసు, వేరే కంచం పెట్టే ఇళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో అది జరగనివ్వకండి. ఇదే పని ప్రభుత్వం చేయించుకున్నప్పుడు కూడా చూపు మారలేదు. 1975లో మొదలైన అంగన్‌వాడీలలో పసిపిల్లలను సాకే ఆడవాళ్ళకు ఇచ్చేదాన్ని ఈనాటికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో వాళ్ళు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డుమీద కూర్చోవలసి వచ్చింది. వాళ్ళు అడిగినదీ మీరు అడుగుతున్నదీ ఒకటే, కాబట్టి మీరు ఒక్కరే ఏదో కొత్త కోరిక కోరుతున్నారని అనుకోకండి.

మనిషి కుదిరాక మీరు మళ్ళీ బడికి వెళ్ళగలరేమో ఆలోచించండి. పూర్తి రోజు కుదరకపోతే సాయంత్రం పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పినా చాలు, ఆ రెండు గంటలూ మీ చెవి మంచం దగ్గర ఉండనక్కరలేదు. మీ నడుమునొప్పి గురించి మీరు ఏమీ రాయలేదు. నాలుగేళ్ళు మనిషిని ఎత్తి తిప్పినవారికి అది లేకుండా ఉండదు. ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి, ఆ పూట అత్తయ్య దగ్గర మీ వారిని కూర్చోబెట్టి వెళ్ళండి. నోటుపుస్తకంలో మొదటి వారం నిండాక నాకు మళ్ళీ రాయండి.